రెండు పెడళ్ల గుండు

రాజక్క మొగుడి మాట వినదన్న సంగతి కోరుట్లలో వాళ్ల వాడకట్టు మొత్తానికీ తెలుసు. ఏం కూర వండాలన్న దగ్గర్నుంచి ఏ బస్సెక్కాలన్న దాకా ప్రభాకరాచారి ఒకటంటే ఆమె ఇంకోటంటుంది. చివరికి ఆమె అన్నదే జరుగుతుంది. అయితే మొగుడి సుత్తె మాట మాత్రం పెళ్లయిన నాటి నుంచీ ఆమె ఒక్కసారి కూడా జవదాటలేదు.

కమ్మరి కొలిమిలో పద్ధతే అంత. మొగుడు ఎడమచేత్తో పట్టుకారు పట్టి, కాలిన ఇనుమును దాగలి దిమ్మ మీద ఆనిస్తాడు. కుడిచేతిలో చిన్న సుత్తె ఉంటుంది. పెళ్లాం ఎదురుగా నిలబడి సమ్మెట ఎత్తుతుంది. ఆ చప్పుడులో నోటితో చెప్పుకుంటే వినబడదు గనక మొగుడు సుత్తెతో టంగున తాటిస్తాడు, సమ్మెట పడుతుంది. సుత్తెను పక్కకు పడుకోబెడతాడు, సమ్మెట ఆగుతుంది. రాజక్కా ప్రభాకరాచారీ తగువాడుకున్నదంతా నోటితోనే. సుత్తెతో మాట్లాడుకున్నంత సేపూ వాళ్లంత అన్యోన్యమైన జంట జిల్లాలో ఉండేది కాదు.

ఇప్పుడు సమ్మెట లేదు. మెట్‌పల్లి రోడ్డు మీద శ్యాంసుందర్ సేటు రేకుల షెడ్డులో గుండు మిషను ఉంది. రెండు నిలువు కమ్మీల మధ్య బలమైన ఎద్దంత బరువున్న ఇనప గుండు. మోటారూ బెల్టూ కలిసి దాన్ని పైకి లాగితే పైన ఒక కొక్కెం పట్టుకుంటుంది. కింద పెడలు తొక్కితే కొక్కెం వదిలేస్తుంది, గుండు దబ్బున వచ్చి అచ్చు మీద పడుతుంది. అచ్చులో పెట్టిన ఎర్రటి ఇనుము పికాసో, గొడ్డలో, కల్టివేటరు కర్రో అవుతుంది. అచ్చు ముందర పట్టుకారు పట్టేది ప్రభాకరాచారి. వెనక, మోటారు జాలీ పక్కన, స్టూలు మీద కూర్చుని పెడలు తొక్కేది రాజక్క. మిషను కొత్తదైనా పద్ధతి పాతదే. పక్కనున్న దాగలి మీద ఆయన సుత్తెతో తాటిస్తాడు, ఆమె తొక్కుతుంది. ఆ స్టూలు మీద నుంచి అచ్చు కనబడాలంటే కొంచెం పక్కకు వంగాలి. రాజక్క వంగేది కాదు. చెవులు బాగానే పనిచేస్తుండగా నడుముకు శ్రమ ఎందుకని ఆమె లెక్క.

ఆ పెడలంటే ఆమెకు ప్రాణం. అది లేకపోతే బీడీలు చుట్టుకోవాలి, ఆ పని ఆమె ఒకసారి చేసి చూసింది. సమ్మెట పట్టిన వేళ్లకు తునికాకు లొంగలేదు. బీడీలు తీసుకునే ఆయన చాటలోకి చూసి, "గివి బీడీలా, సుట్టలా అక్కా?" అని అడిగాడు. ఆ మాట ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

గొడవ ఒక సోమవారం పొద్దున మొదలైంది. రాయికల్ నుంచి లచ్చయ్య అనే రైతు కల్టివేటరు కర్రుల కోసం వచ్చాడు. సేటు ఇచ్చిన కర్రును అటు తిప్పి ఇటు తిప్పి, వాసన చూడటం ఒక్కటి తక్కువగా, అన్ని పరీక్షలూ చేశాడు. చివరికి కుండ కొనేవాడు వేలితో కొట్టి చూసినట్టు, కర్రు మోత ఎట్లా ఉందో చూద్దామని పక్కనున్న దాగలి మీద టంగుమని కొట్టాడు.

సరిగ్గా అప్పుడు ప్రభాకరాచారి అచ్చులో రాలిన ఇనప పొట్టును బ్రష్షుతో ఊడుస్తున్నాడు.

చప్పుడు రాజక్క చెవిన పడింది. అది చెవి నుంచి తలకాయకు పోలేదు, తిన్నగా కాలికి పోయింది. గుండు దబ్బున పడింది. షెడ్డు అదిరింది. దుమ్ము తగ్గాక చూస్తే ప్రభాకరాచారి చేతిలో బ్రష్షు పిడి ఉంది. బ్రష్షు లేదు. వేళ్లు మాత్రం దేవుడి దయవల్ల అన్నీ ఉన్నాయి.

లచ్చయ్య కర్రును మెల్లగా కింద పెట్టి, అది తనది కాదన్నట్టు రెండడుగులు వెనక్కి జరిగాడు. సేటు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది రాజక్కా, నిద్రవొయ్యినవా?"

రాజక్క మొగుడి వైపు చూసింది. సుత్తె తాను కొట్టలేదని ఆయనకు తెలుసు. చప్పుడు మాత్రం అయిందనీ తెలుసు. కొట్టింది ఎవరో కూడా తెలుసు, ఎందుకంటే ఆ లచ్చయ్య ఆయన మోచేతి పక్కనే నిలబడి ఉన్నాడు. సానపట్టే పోరగాళ్లు, తూకమేసే బాలరాజు, బయట ట్రాక్టర్ మీద కూర్చున్న వాళ్లు, అందరూ ప్రభాకరాచారి నోటి వైపే చూస్తున్నారు. ఆయన బ్రష్షు పిడిని చొక్కా జేబులో పెట్టుకోబోయి, పట్టక, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆడమనిషి గద సేటూ. మనసు ఏడనో ఉంటది" అన్నాడు.

రాజక్కకు ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చినట్టయింది. తిట్టడానికి వచ్చిన మాటలన్నీ మింగి, పెడలు మీది కాలు తీసి నేల మీద పెట్టింది.

ఆ రోజు నుంచి ఆమెను కర్రులకు నూనె రాసి కట్టలు కట్టే పనికి మార్చారు. సేటు జగిత్యాలలో ఉన్న బామ్మర్దికి ఫోన్ చేసి, పెడలు మీద మనిషి అవసరం లేకుండా ఏదన్నా చేసిపెట్టమన్నాడు. ఒకరు చేసే పనికి ఇద్దరు ఎందుకన్న ఆలోచన ఆయనకు ముందునుంచే ఉంది. ఇప్పుడు కారణం కూడా దొరికింది. నూనె రాసే పని పంట సీజను ఉన్నన్నాళ్లే. ఆ తర్వాత ఏమిటన్నది సేటు చెప్పలేదు, రాజక్క అడగలేదు. తునికాకు వాసన మాత్రం ఆమె ముక్కుకు అప్పుడే తగలడం మొదలైంది.

ఇంట్లో ప్రభాకరాచారి పెద్ద తగువుకు సిద్ధపడి కూర్చున్నాడు. ఏమేం అంటుందో, తానేం అనాలో అన్నీ దారిలోనే కూర్చుకున్నాడు. రాజక్క ఏమీ అనలేదు. అన్నం పెట్టింది, పప్పు పోసింది, టీవీ వైపు తిరిగి కూర్చుంది. ఆయనకు మజ్జిగ కావాలి. నోరు తెరిచి అడగాలంటే భయం వేసింది. పళ్లెం అంచు మీద వేలితో తాటించి చూశాడు. మజ్జిగ రాలేదు. రాజక్క అరిస్తే ఎట్లా తట్టుకోవాలో ఆయనకు తెలుసు, అరవకపోతే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

సేటు బామ్మర్ది హరిప్రసాద్ జగిత్యాలలో పాలిటెక్నిక్ లెక్చరరు. సన్నటి మనిషి. మిషను కనబడితే ముందు దానికి నమస్కారం పెట్టి తర్వాత మనుషులను పలకరించే రకం. రెండు రోజుల్లో వైర్లూ బిళ్లలూ తెచ్చి పాత పెడలు పీకేశాడు. అచ్చుకు అటొకటి ఇటొకటి, చేతులు చాచితేగాని అందనంత దూరంలో రెండు పచ్చ బటన్లు బిగించాడు.

"రెండు బటన్లు ఒక్కసారే ఒత్తితేనే కొక్కెం ఇడుస్తది బావా" అని సేటుకు చెప్పాడు. "ఒక చెయ్యి గీడ, ఒక చెయ్యి గాడ. ఇగ గుండు కింద వెట్టాల్నంటే మనిషికి మూడో చెయ్యి ఉండాలె గదా."

అందరికీ నచ్చింది. హరిప్రసాద్ అచ్చులో ఒక సీసపు ముక్క పెట్టి, రెండు చేతులూ చాచి బటన్లు ఒత్తాడు. గుండు పడింది. సీసం చక్కగా అచ్చు ఆకారం తీసుకుంది. సేటు చప్పట్లు కొట్టాడు. నూనె డబ్బా దగ్గర కూర్చున్న రాజక్కకు మాత్రం గుండు తన నెత్తిమీదే పడ్డట్టనిపించింది.

"కానియ్యి చారీ" అన్నాడు సేటు.

ప్రభాకరాచారి కొలిమిలోంచి ధగధగలాడే ఇనుమును పట్టుకారుతో తీసి అచ్చులో పెట్టాడు. కుడిచేయి చాచి ఒక బటను ఒత్తాడు. ఎడమచేతిలో పట్టుకారు ఉంది. రెండో బటను దూరంగా, పచ్చగా, అమాయకంగా ఉంది. పట్టుకారు వదిలితే ఇనుము పక్కకు ఒరుగుతుంది. ఆయన మోకాలు ఎత్తి చూశాడు, అందలేదు. ఒళ్లంతా విల్లులా వంచి గడ్డంతో ఒత్తబోయాడు. గడ్డం అందింది గాని కుడిచేయి అందకుండా పోయింది. సానపట్టే పోరగాళ్లు నవ్వు ఆపుకోలేక బయటకు పోయారు. ఈలోపల ఇనుము నల్లబడింది.

హరిప్రసాద్ నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, "పట్టుకారు సంగతి మర్సిపొయ్యిన" అని నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆలోచించుకుని రేపు వస్తానని జగిత్యాల పోయాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కాని నలుగురిలో నవ్వులపాలైన మగవాడు ఊరికే ఉండడు. మధ్యాహ్నం ప్రభాకరాచారి ఒక చెక్క ముక్కను చెక్కి, ఎడమవైపు బటను సందులో దిగ్గొట్టాడు. ఇప్పుడు ఆ బటను ఎప్పుడూ ఒత్తే ఉంటుంది. కుడివైపుది మోచేత్తో తాకితే చాలు, గుండు పడుతుంది. సేటుకు ప్రాణం లేచొచ్చింది. వరసగా పికాసులు తయారవుతున్నాయి.

రాజక్క నూనె రాయడం మానేసి చూస్తూ కూర్చుంది. మొగుడి మోచెయ్యి బటనుకు ఎంత దగ్గరగా ఆడుతోందో, చెమట తుడుచుకోవడానికి ఎత్తినప్పుడల్లా అది ఎట్లా రాసుకుపోతోందో చూసింది. ఆయన మీద ఎంత కోపం ఉన్నా ఆ చెయ్యి మీద ఆమెకు కోపం లేదు. ఆయన వంగి అచ్చులోకి వేళ్లు పెట్టాడు. ఆమె లేచి, నూనె చేతులతోనే గోడ దగ్గరకు పోయి మెయిన్ స్విచ్ దించేసింది.

మోటారు మూలిగి ఆగిపోయింది.

"ఏమే, పిచ్చి లేసిందా?" అన్నాడు ప్రభాకరాచారి. మూడు రోజుల్లో మొగుడూ పెళ్లాల మధ్య అదే మొదటి మాట.

"సేటూ, రేపు గీయనకు చెయ్యి పోతే అన్నం ఎవ్వలు తినవెట్టాలె? నువ్వు వెడ్తవా? నేనే గద పెట్టాలె. నాతోని కాదు" అన్నది రాజక్క. బటన్ల దగ్గరికి పోయి చెక్క ముక్కను ఊడబెరికి కొలిమిలో పడేసింది. తర్వాత చేతులు కడుక్కుని, ఇంటికి పోయి, సంచిలో రెండు చీరలు పెట్టుకుని వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కింది. అక్కడ ఆమె తమ్ముడు గోవర్ధన్ ఉన్నాడు. బస్సు నిండా రాజన్న దర్శనానికి పోయే జనమే. పక్క సీటు ఆమె, "నువ్వు గూడ మొక్కు తీర్సుకోనీకి పోతున్నవా అక్కా?" అని అడిగింది. "నా మొక్కు కోరుట్లల ఉన్నది. గది తీరేటిది కాదు" అన్నది రాజక్క.

గోవర్ధన్ సిరిసిల్లలో సాంచెలు, అంటే పవర్‌లూములు, బాగుచేసే పనిలో ఉన్నాడు. ఇంటి ముందు గదిలో నాలుగు సాంచెలు చెవులు చిల్లులు పడేటట్టు ఆడుతుంటాయి. అక్క ఎందుకొచ్చిందని ఆయన అడగలేదు. ఆ చప్పుడులో అడిగినా లాభం లేదు. రాజక్కకు ఆ చప్పుడులో ప్రాణం కుదుటపడింది.

మర్నాడు మధ్యాహ్నం హరిప్రసాద్ మోటారు సైకిలు మీద అక్కడికే దిగాడు. పైకి చెప్పిన కారణం, తుక్కుకింద అమ్మే పాత సాంచెల స్ప్రింగులు కావాలని. కాని రాజక్క ఇచ్చిన చాయ్ తాగుతూ, సాంచెల చప్పుడు మీదుగా గొంతు పెంచి అసలు మాటకు వచ్చాడు.

"అక్కా, ఒకటి అడుగుత. నువ్వు ఏం చూసి తొక్కుతుంటివి?"

"సూసుడేంది సారూ? ఇని తొక్కుత."

"ఆయన చెయ్యి ఏడున్నదో సూడవా?"

రాజక్క చాయ్ గ్లాసు వైపు చూసింది. వంగితే కనబడేది. ఇన్నేళ్లలో తాను ఒక్కనాడూ వంగలేదు. ఇదంతా మొగుడి తప్పేనని నాలుగు రోజులుగా ఆమె కడుపులో పెంచుకున్న కోపానికి ఒక మూల చిల్లు పడింది. అది ఆమెకు ఎంతమాత్రం ఇష్టం కాలేదు.

"సూడలే" అన్నది చివరికి.

అంతలో మూలనున్న సాంచె దానంతటదే టక్కున ఆగిపోయింది. హరిప్రసాద్ ఉలిక్కిపడి ఎందుకు ఆగిందని అడిగాడు. అడ్డం పోయే పేక నూలు తెగిందని గోవర్ధన్ చెప్పాడు. నూలు వచ్చి తాకుతున్నంత సేపే సాంచె నడుస్తుంది, తాకకపోతే ఆగిపోతుంది, మనిషి చెప్పాల్సిన పని లేదు. హరిప్రసాద్ ఆ మిషను ముందు గొంతుక్కూర్చుని నూలు తాకే చిన్న ఇనప పుల్లను చాలాసేపు చూశాడు. తర్వాత లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"నేను చేతులు కట్టేద్దామనుకున్న. చేతులకు పని ఉన్నది. కట్టేయాల్సింది కాళ్లను" అన్నాడు. "ఆయనకో పెడలు, నీకో పెడలు. రెండు కలిస్తేనే కొక్కెం ఇడవాలె. ఆయన పెడలు వెనకకు పెడ్త, దాని మీద నిలవడితే పట్టుకారు అందాలె గని చెయ్యి అందొద్దు. నీది ముందటికి తెస్త. వంగుడు అక్కెర లేదు, ఎదురుంగనే కనవడ్తది. రెండిట్ల ఒకటి లేకున్నా గుండు మీదనే ఉంటది."

"సేటు ఒప్పుకుంటడా?"

"మా బావకు నేను జెప్త. నువ్వయితే నడువు. చారి నిన్నటి సంది ఇడ్లీలే తింటుండు. మనిషి సగమైండు."

ఇడ్లీల మాట రాజక్క విననట్టే ఊరుకుంది. కాని సంచి సర్దుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

సేటు ముందు చాలా బాధపడ్డాడు. "ఒక మనిషిని తగ్గియ్యమంటే ఒక పెడలును పెంచినవు బామ్మర్దీ" అన్నాడు. హరిప్రసాద్ స్ప్రింగులు బిగించుకుంటూ పోయాడు. తాళం చెవి లేనిదే విప్పడానికి వీల్లేకుండా రెండింటికీ ఇనప పెట్టెలు కూడా చేశాడు. ప్రభాకరాచారి వైపు చూసి మరీ తాళం వేశాడు.

కొత్త పెడళ్లు మొదటిసారి తొక్కే రోజు షెడ్డులో పని ఆపి అందరూ వచ్చి నిలబడ్డారు. లచ్చయ్య కూడా మిగతా కర్రుల కోసం వచ్చాడు. దాగలికి మాత్రం ఆమడ దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ప్రభాకరాచారి పచ్చపసుపు రంగులో కాలిన ఇనుమును అచ్చులో ఆనించాడు. వెనక్కి జరిగి తన పెడలు మీద కాలు వేశాడు. సుత్తెతో టంగుమని తాటించాడు.

గుండు పడలేదు.

మళ్లీ తాటించాడు. రాజక్క ఎదురుగా నిలబడి ఉంది. పెడలు ఆమె కాలి ముందు ఉంది, కాలు దాని పక్కన నేల మీద ఉంది. చేతులు కట్టుకుంది.

"ఏమే, తొక్కు."

"తొక్కుత. ముందుగాల ఒక మాట జెప్పు. ఆ దినం నేను నిద్రవొయ్యిన్నా?"

"గిప్పుడా? ఇనుము సల్లారుతది."

"సల్లారనియ్యి."

ప్రభాకరాచారి సేటు వైపు చూశాడు. సేటు హరిప్రసాద్ వైపు చూశాడు. హరిప్రసాద్ గుండు వైపు చూస్తూ, మిషను తాను అనుకున్నట్టే పనిచేస్తోందని లోలోపల మురిసిపోతున్నాడు. పసుపు రంగు ఇనుము నారింజ రంగులోకి దిగింది. కమ్మరి బతుకంతా ఆ రంగు చూసి పరుగెత్తే బతుకే. ఇనుము చల్లారుతుంటే నిలబడి చూడటం ప్రభాకరాచారికి కన్నబిడ్డను ఏడిపించినంత కష్టం.

"పోలే" అని గొణిగాడు.

"సేటుకు ఇనవడలే."

సేటు ఏమనుకున్నాడో పోయి మోటారు ఆపేశాడు. నారింజ రంగు ఎరుపుకు వచ్చింది.

"నిద్రవోలే" అన్నాడు ప్రభాకరాచారి గట్టిగా. "దాగలి మీద సప్పుడైంది. నేను కొట్టలే, లచ్చయ్య కొట్టిండు, ఆయనకేం తెల్సు పాపం. ఆమె తొక్కింది. ఆమె తప్పేం లేదు. గది నాకు అప్పుడే తెల్సు."

ఆయన ఆగాడు. ఆమె అడిగింది అంతవరకే. కాని ఆయన మళ్లీ నోరు తెరిచాడు.

"నా చెయ్యి ఒణుకుతుండె. బ్రష్షు పిడి పట్టుకుని ఒణుకుతుండె. నలుగుట్ల ఎవ్వలు నా చెయ్యి సూడొద్దని, అందరు ఆమె దిక్కు సూసేటట్టు జేసిన."

ఎవరూ నవ్వలేదు. ఈ మాట కోసమే ఇన్ని రోజులుగా కాచుకున్న రాజక్కకు, తీరా విన్నాక గెలిచినట్టు అనిపించలేదు. ఆ చెయ్యి వణికిందన్న సంగతి ఆమెకు తెలియదు. తాను స్టూలు మీద అవమానంతో ఉడికిపోతుంటే, ఇవతల ఈ మనిషి ఒంటరిగా భయపడి చచ్చాడన్నమాట. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడం ఇష్టం లేక కోపంగా మాట్లాడింది.

"నేను గూడ సూడలే. చెవులతోని తొక్కిన గని కండ్లతోని తొక్కలే. వంగితే కనవడుతుండె. సేటూ, గిది గూడ ఇను."

"ఇన్న రాజక్కా, అన్ని ఇన్న" అన్నాడు సేటు దీనంగా. "ఇనుము సల్లారింది. కొంచెం మళ్ల కాలవెట్టుండ్రి."

ఇనుము నిజంగానే నల్లగా అయిపోయింది. ప్రభాకరాచారి దాన్ని తీసుకుపోయి కొలిమిలో దోపి, గాలి పెంచి, అది కాలేదాకా అక్కడే నిలబడ్డాడు. మోటారు మళ్లీ మొదలైంది. గుండు ఇంకా పైన కొక్కేనికే వేలాడుతోంది.

ఆయన ఇనుము తెచ్చి అచ్చులో ఆనించాడు. వెనక్కి జరిగాడు. కుడిచేతిలోని సుత్తెను దాగలి మీద పడుకోబెట్టి, ఆ చెయ్యిని ఆమెకు కనబడేటట్టు పక్కకు చాపాడు. తన పెడలు మీద కాలు వేసి, మోటారు చప్పుడు మీదుగా ఆమె మొహంలోకి చూశాడు.

"కొట్టుదమా?" అని అడిగాడు.

కాపురానికి వచ్చిన నాటి నుంచీ కొట్టమని చెప్పించుకోవడమే గాని, కొడదామా అని ఎవరూ ఆమెను అడగలేదు. రాజక్క వెంటనే జవాబు చెప్పలేదు. సాధించడానికి కాదు, అడిగించుకోవడం బాగుండి, ఇంకొక్క క్షణం అట్లాగే ఉంటే బాగుండుననిపించింది. ఆయన వేళ్లు ఎక్కడున్నాయో చూసింది. పెడలు మీద కాలు పెట్టింది.

"కొట్టుదాం" అన్నది.